మీ ఊరి పాత సినిమా హాలు చరిత్ర రాయాలంటే: పన్నుల శాఖలో పనిచేసిన ఒక మనిషి సలహాలు

ముందు ఒక్క హాలు ఎంచుకోండి. ఊళ్ళోని హాళ్ళన్నిటి చరిత్రా రాస్తామని కూర్చున్నవారు చివరికి సినిమాల పట్టిక ఒకటి తయారుచేసి లేస్తారు. ఏ బొమ్మ ఏ హాల్లో ఎన్ని రోజులు ఆడిందో చెప్పే పట్టికలకు తెలుగులో కొదవ లేదు. హాలు ఎవరి స్థలంలో లేచింది, ఎవరు కౌలుకు తీసుకుని నడిపారు, నేల మీద ఎంతమంది కూర్చునేవారు, వారి దగ్గర ఎన్ని అణాలు పుచ్చుకునేవారు, అందులో సర్కారు వాటా ఎంత, చివరికి గేటుకు తాళం ఎందుకు పడింది? ఈ సంగతులు రాసినవారు తక్కువ.

నేను వాణిజ్య పన్నుల శాఖలో పనిచేసి రిటైరయ్యాను. ఉద్యోగంలో చాలా భాగం కృష్ణా జిల్లాలో వినోదపు పన్ను చూశాను. ఆట మొదలై దీపాలు ఆరాక లోపలికి వెళ్ళి, నేల, బెంచీ, కుర్చీ, బాల్కనీ అని తరగతుల వారీగా తలలు లెక్కపెట్టి, బుకింగులో తెగిన టికెట్ల నంబర్లతో సరిచూడటం మా పని. జనం తెర వైపు చూస్తుంటే మేము జనం వైపు చూసేవాళ్ళం. అందుకని నా సలహాలన్నిటిలో ఒక పక్షపాతం ఉంటుంది. కాగితం ముందు, జ్ఞాపకం తరువాత. జ్ఞాపకాలను తక్కువ చేయడం లేదు. వాటిని ఏ మేకుకు తగిలించాలో ముందు తెలియాలి, అంతే.

హాలు ఎక్కడుందో కాదు, ఏమి మిగిలిందో చూడండి

కూలగొట్టిన హాలయినా ఫరవాలేదు. కట్టడం పోయినా పేరు ఆ కూడలిని పట్టుకుని ఉంటుంది. విజయవాడలో అలంకార్ సెంటర్, తిరుపతిలో లీలామహల్ సర్కిల్, సికింద్రాబాదులో సంగీత్ చౌరస్తా సినిమా హాళ్ళ పేర్లే. బిర్యానీకి పేరుపడిన పారడైజ్ 1953లో పారడైజ్ టాకీస్ దగ్గర చిన్న క్యాంటీనుగా మొదలైంది. హాలు పోయింది, క్యాంటీను ఊరంత అయింది. విశాఖలో జగదాంబ జంక్షన్ అనే పేరును మాత్రం దాని హాలే ఇప్పటికీ నిలబెడుతోంది. కాబట్టి మీ హాలు గోడౌన్‌గానో కల్యాణమండపంగానో మారిపోయిందని నిరాశపడకండి. ఆటోవాళ్ళు ఆ చోటును ఏమని పిలుస్తున్నారో అడిగి రాసుకోండి. పాత బస్సు స్టాపు పేరు కూడా రాసుకోండి.

కట్టడం మిగిలి ఉంటే, యజమాని అనుమతి తీసుకుని పగటిపూట, తోడు ఒకరిని పెట్టుకుని వెళ్ళండి. చాలా ఏళ్ళుగా మూతపడిన హాళ్ళలో బాల్కనీ మెట్లు, పైకప్పు రేకులు నమ్మదగ్గవి కావు. లోపల ముందుగా తెర వెనక్కి వెళ్ళండి. అక్కడ లోతైన వేదిక, పక్కన రెండు చిన్న గదులు ఉన్నాయంటే అది నాటకాల హాలుగా పుట్టి ఉండవచ్చు. ఆ గదులు వేషాలు కట్టుకునేవారివి. మన ఊళ్ళలో మొదటి తరం హాళ్ళు చాలావరకు రెండు పనులూ చేశాయి. ఒకవారం నాటక సమాజం దిగేది, మరో వారం బొమ్మ ఆడేది.

తరువాత క్యాబిన్, అంటే ప్రొజెక్టర్ గది. పాత క్యాబిన్‌కు మందమైన గోడలు, ప్రేక్షకులతో సంబంధం లేకుండా బయటినుంచి విడిగా మెట్లు, హాలు వైపు ఉన్న చిన్న కంతలకు ఇనుప రేకు మూతలు ఉంటాయి. ఆ మూతలు అలంకారం కాదు. 1950ల తొలి రోజుల వరకు ఫిల్ము నైట్రేటుతో చేసినది. అది అంటుకుంటే నీళ్ళు పోసినా ఆరదు. మంట లేవగానే మూతలు కిందికి పడి క్యాబిన్‌కూ హాలుకూ మధ్య దారి మూసుకోవాలి. కంతలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. ప్రొజెక్టరు ఒక్కొక్కదానికి ఒక కంత, దాని పక్కనే ఆపరేటరు చూసుకోవడానికి మరొకటి. ఒకటే జత ఉంటే ఆ హాలు ఒక్క మిషనుతో నడిచిందన్నమాట. అలాంటి చోట రీలు మార్చిన ప్రతిసారీ ఆట ఆగేది. వెయ్యి అడుగుల రీలు పదకొండు నిమిషాలు ఆడుతుంది. ఇరవై రీళ్ళ సినిమాకు ఎన్నిసార్లు దీపాలు వెలిగేవో మీరే లెక్క వేసుకోండి. రెండు మిషన్లున్న హాల్లో రీలు చివర తెర కుడిమూల పైన ఒక చుక్క మెరవగానే ఆపరేటరు రెండో మిషనుకు మారేవాడు.

మిషన్లు ఇంకా ఉంటే వాటి మీది లోహపు పలకను ఫోటో తీయండి. సింప్లెక్స్, వెస్ట్రెక్స్, ఆర్.సి.ఏ. ఫోటోఫోన్, బాయర్ వంటి పేర్లు, కింద క్రమసంఖ్య కనిపిస్తాయి. హాలు కట్టిన ఏడాదికీ మిషను తయారైన ఏడాదికీ పొంతన ఉండకపోవచ్చు. పెద్ద ఊరి హాలు కొత్త మిషను కొన్నప్పుడు పాతదాన్ని చిన్న ఊరి హాలుకు అమ్మడం మామూలు. దీపపు పెట్టె తెరిచి చూడండి. లోపల కార్బన్ కడ్డీలు బిగించే పట్టుకొమ్మలు ఉన్నాయా, జినాన్ బల్బు ఉందా? కడ్డీలయితే ఆట సాగినంతసేపూ ఆపరేటరు పక్కనే నిలబడి, కాలిపోతున్న కొనల మధ్య ఎడం చెడకుండా చూసుకోవాల్సి వచ్చేది.

తెర కొలత కూడా తీసుకోండి. గోడ మీద పాత తెర చట్రం ఆనవాళ్ళు, దానికి అటూ ఇటూ పెంచిన భాగం తరచుగా కనిపిస్తాయి. తొలి తెలుగు సినిమాస్కోప్ (వెడల్పు తెర) చిత్రం ‘అల్లూరి సీతారామరాజు’ 1974లో వచ్చింది. తొలి 70 ఎం.ఎం. చిత్రం ‘సింహాసనం’ 1986లో. ఇంగ్లిషు, హిందీ బొమ్మలు వేసే హాళ్ళు అంతకు ముందే తెర వెడల్పు చేసుకున్నాయి. మీ హాలు తెర ఎప్పుడు పెరిగిందో తెలిస్తే అది ఎవరి కోసం నడిచిందో కూడా కొంత తెలుస్తుంది.

శిలాఫలకం దొరికితే అదృష్టమే, కానీ జాగ్రత్త. మన పెద్దలు తెలుగు సంవత్సరం పేరు చెక్కించి ఊరుకునేవారు. ‘విరోధి నామ సంవత్సరం’ అని ఉంటే అది 1949–50 కావచ్చు, అరవై ఏళ్ళ తరువాత తిరిగి వచ్చిన 2009–10 కూడా కావచ్చు. మాసం, తిథి, వారం మూడూ రాసి ఉంటే పంచాంగంతో సరిచూసి తేల్చవచ్చు. పాత హైదరాబాదు రాష్ట్రపు కాగితాల్లో ఫసలీ సంవత్సరం, అంటే అప్పటి రెవెన్యూ లెక్కల సంవత్సరం ఉంటుంది. దానికి 590 కలిపితే ఇంగ్లిషు సంవత్సరం వస్తుంది. అటూ ఇటూ ఒక ఏడాది తేడా వస్తుందని గుర్తుపెట్టుకోండి.

లైసెన్సు నుంచి మొదలుపెట్టండి

సినిమా హాలు అన్నది లైసెన్సు లేకుండా ఒక్క ఆట కూడా వేయకూడని వ్యాపారం. బ్రిటిషు ప్రభుత్వపు 1918 నాటి సినిమాటోగ్రాఫ్ చట్టం నుంచి ఇదే పద్ధతి. ఆంధ్రప్రదేశ్‌లో 1955 నాటి సినిమాల నియంత్రణ చట్టం, దాని కింద 1970లో వచ్చిన నియమాలు హాళ్ళను నడిపాయి. బుకింగు గది గోడకు అద్దంలో బిగించి ఉండే ‘ఫారం–బి’ లైసెన్సు మీకు కావలసిన మొదటి కాగితం. అందులో లైసెన్సుదారు పేరు, హాలు పేరు, తరగతుల వారీగా సీట్లు, గడువు ఉంటాయి. దాని వెనక ఫైలులో ఇంజనీరు ధ్రువపత్రం, విద్యుత్ తనిఖీ నివేదిక, అగ్నిమాపక శాఖ పత్రం, హాలు ప్లాను ఉండాలి. ఆ ప్లాను చేతికి వస్తే సగం పని అయినట్లే.

యజమాని దగ్గర లేకపోతే జిల్లా కలెక్టరు కార్యాలయంలో సినిమా లైసెన్సుల విభాగాన్ని అడగండి. హైదరాబాదు నగరంలోనైతే పోలీసు కమిషనరు కార్యాలయం. నోటిమాటతో పని జరగకపోతే సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల రుసుముతో దరఖాస్తు పెట్టండి. ‘ఫలానా హాలు చరిత్ర కావాలి’ అని రాస్తే ‘మా వద్ద చరిత్ర లేదు’ అని జవాబు వస్తుంది, అందులో వారి తప్పు లేదు. ‘ఫలానా పేరుతో, ఫలానా వీధిలో ఉన్న సినిమా హాలుకు జారీచేసిన తొలి లైసెన్సు, చివరి లైసెన్సు, ఆమోదించిన ప్లాను నకళ్ళు’ అని రాయండి. గుమాస్తాకు ఫైలు వెతకడానికి వీలుండే మాటలు రాయాలి. కౌంటరుకు అవతలి పక్క కూర్చున్న అనుభవంతో చెబుతున్నాను.

స్థలం సంగతి వేరే. పాత హాళ్ళలో ముగ్గురు మనుషులు కలగలిసి ఉంటారు. స్థలం యజమాని ఒకరు, అది ఏ సత్రానిదో దేవస్థానానిదో కావచ్చు. కట్టడం యజమాని మరొకరు. కౌలుకు తీసుకుని ఆటలు నడిపేవారు ఇంకొకరు. ఊళ్ళో జనం ఆ మూడోవారినే యజమాని అనుకుంటారు. రిజిస్ట్రారు కార్యాలయంలో ఈసీ, అంటే ఆ స్థలం మీద జరిగిన లావాదేవీల ధ్రువపత్రం తీయించండి. కంప్యూటరులో 1983 నుంచి దొరుకుతుంది. అంతకు ముందువి చేతిరాత సూచికల్లో వెతికించాలి. దానికి పాత సర్వే నంబరు లేదా హద్దులు తెలియాలి. మునిసిపాలిటీ ఆస్తి పన్ను రిజిస్టరు కూడా పనికొస్తుంది. అక్కడ హాలు పేరు మారిన ఏడాది దొరుకుతుంది. ‘సినిమా’ కాస్తా ‘టాకీస్’ అయి, తరువాత ‘డీలక్స్’ అయి, ఆపైన ‘ఏ.సి.’ తగిలించుకున్న హాళ్ళు ఊరూరా ఉన్నాయి. ఒకే హాలును మూడు హాళ్ళుగా లెక్కపెట్టే ప్రమాదం ఇక్కడే ఉంది.

మద్రాసు రాష్ట్రంలో ఉన్నప్పటి ప్రభుత్వ ఉత్తర్వులు కావాలంటే చెన్నై ఎగ్మూరులోని రాష్ట్ర ప్రాచీన పత్రాల భాండాగారానికి వెళ్ళాలి. నిజాం కాలపువి హైదరాబాదు తార్నాకలోని పత్రాల భాండాగారంలో ఉన్నాయి. వాటికి ఉర్దూ, ఫార్సీ చదవగల మనిషి తోడుండాలి.

టికెట్టు ముక్కను చులకన చేయకండి

నాకు ఎక్కువ ఇష్టమైన భాగం ఇది. మిగతావారు సినిమా పోస్టర్లు దాస్తారు, నేను సగం చింపిన టికెట్లు దాస్తాను.

పాత టికెట్టు చూసి కాలం చెప్పవచ్చు. ధర అణాల్లో ఉంటే అది 1957 ఏప్రిల్ 1కి ముందుది. ఆ రోజున దశాంశ నాణేలు వచ్చాయి. ‘నయా పైసలు’ అని ఉంటే 1957–64 మధ్యది. ఆ తరువాత ‘నయా’ పోయి ఒట్టి పైసలే మిగిలాయి. అచ్చులోనో ముద్రలోనో రాష్ట్రం పేరు ఉంటే ఇంకా మేలు. ఆంధ్ర జిల్లాల్లో 1953 అక్టోబరు 1 దాకా మద్రాసు, అప్పటినుంచి మూడేళ్ళు ఆంధ్ర రాష్ట్రం, 1956 నవంబరు 1 నుంచి ఆంధ్రప్రదేశ్. హైదరాబాదు వైపు పాత టికెట్టు ధర హాలీ సిక్కాలో, అంటే నిజాం ప్రభుత్వపు సొంత రూపాయల్లో ఉండవచ్చు. ఏడు హాలీ రూపాయలు ఆరు ఇంగ్లిషు రూపాయలకు సమానం. ఈ సంగతి తెలియక విజయవాడ నేల టికెట్టునూ సుల్తాన్‌బజార్ టికెట్టునూ పక్కపక్కన పెట్టి ‘అక్కడ ధర ఎక్కువ’ అని రాసేవారిని చూశాను.

టికెట్టు మీద రెండు అంకెలు వేరువేరుగా ఉంటాయి. ఒకటి హాలు ధర, రెండోది వినోదపు పన్ను. మద్రాసు రాష్ట్రంలో 1939 నాటి చట్టంతో ఈ పన్ను వచ్చింది. రెండూ కలిపిన ధర ఒక్కటే రాసుకుని పన్నును వదిలేస్తే, టికెట్టు ఎందుకు పెరిగిందో మీకు ఎప్పటికీ తెలియదు. చాలాసార్లు పెంచింది హాలువారు కాదు.

హాలు ఆఫీసు గదిలో బీరువా ఉంటే డి.సి.ఆర్.ల కోసం వెతకండి. రోజువారీ వసూళ్ళ నివేదిక అది. ప్రతి ఆటకూ తరగతి వారీగా మొదటి టికెట్టు నంబరు, చివరి నంబరు, అమ్మినవి ఎన్ని, మొత్తం, పన్ను, మిగులు ఉంటాయి. కింద హాలు మేనేజరు, పంపిణీదారు తరఫు రిప్రజెంటేటివ్ సంతకాలు. వాటి నకళ్ళు గాంధీనగర్‌లోని పంపిణీ ఆఫీసులకు వెళ్ళేవి. విజయవాడ గాంధీనగర్ అంటే అప్పట్లో సినిమా పెట్టెల ఊరు. రీళ్ళు హాళ్ళకు వెళ్ళేది ఆ పెట్టెల్లోనే. ఒక్క ఏడాది డి.సి.ఆర్.లు దొరికినా ఊరి బతుకు కనబడుతుంది. కోతల కాలంలో నేల నిండుతుంది. వానలు పడి నాట్లు మొదలైతే మొదటి ఆట ఖాళీ. పండుగ మరునాడు బాల్కనీ నిండుతుంది. వేసవి మ్యాట్నీలో రేకుల హాలు వెలవెలబోతుంది.

ఈ కాగితాలను కూడా గుడ్డిగా నమ్మవద్దు. ఒకే టికెట్టును రెండుసార్లు అమ్మడం, గేటు దగ్గర చింపకుండా తీసుకుని మళ్ళీ బుకింగుకు పంపడం మేము తరచుగా పట్టుకునేవాళ్ళం. చింపిన సగం ప్రేక్షకుడి చేతిలో లేకపోతే మాకు అనుమానం వచ్చేది. అంటే లెక్కలో ఉన్న జనం కంటే వచ్చిన జనం ఎక్కువే అయి ఉండాలి, తక్కువ కాదు. 1980లలో శ్లాబు పద్ధతి వచ్చాక కథ తిరగబడింది. ఎంతమంది వచ్చారన్నది కాకుండా, హాలు నిండితే ఎంత వస్తుందో దాని మీద పన్ను కట్టించుకోవడం మొదలైంది. దాంతో తలల లెక్క పోయి సీట్ల లెక్క ముఖ్యమైంది. ఆ తరువాతి లైసెన్సుల్లో సీట్లు తగ్గినట్లు కనిపిస్తే హాలు చిన్నదైందని వెంటనే రాసేయకండి. కుర్చీలు మార్చి ఉండవచ్చు, పన్ను భారం తగ్గించుకోవడానికీ అయి ఉండవచ్చు. ప్లానులో కొలతలు చూసి తేల్చండి. 2017 జూలై 1న జీఎస్టీ రావడంతో ఈ పన్నే అందులో కలిసిపోయింది. పాత కాగితాలు దాచవలసిన అవసరం ఎవరికీ లేకుండా పోయింది. అందుకే తొందరపడమంటున్నాను.

‘తొలి’ అనే మాట వినగానే పెన్ను దించండి

ప్రతి ఊళ్ళోనూ ‘జిల్లాలోనే తొలి హాలు’ ఒకటి ఉంటుంది, పక్క ఊళ్ళో మరొకటి ఉంటుంది. ఏ విషయంలో తొలి అని అడగండి. డేరా వేసి ఆడించిన టూరింగ్ టాకీసా, కొద్దికాలపు లైసెన్సుతో నడిచిన రేకుల షెడ్డా, పక్కా కట్టడమా? మాటలు లేని బొమ్మలు ఆడిందా, టాకీలు వేసిందా? మచిలీపట్నానికి చెందిన రఘుపతి వెంకయ్య 1910లో ధ్వనితో కూడిన బొమ్మల యంత్రం తెప్పించి మద్రాసులో ప్రదర్శనలు ఇచ్చారు. తరువాత అక్కడ గెయిటీ, క్రౌన్, గ్లోబ్ హాళ్ళు కట్టారు. విజయవాడలో పోతిన శ్రీనివాసరావు 1921లో కట్టించిన మారుతీ సినిమాను ఆంధ్ర ప్రాంతంలో తొలి హాలుగా చెప్పుకుంటారు. వెంకయ్యది తెలుగువాడు కట్టిన హాలు, మారుతీ తెలుగునేల మీద లేచిన హాలు. రెండు ‘తొలి’లకూ పోటీ లేదు.

తేదీల విషయంలో ఎంత మొండిగా ఉండాలో ఒక సంగతి చెబుతుంది. తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ 1931 సెప్టెంబరు 15న విడుదలైందని దశాబ్దాల తరబడి అందరూ రాశారు, ఆ రోజున వేడుకలు కూడా జరిగాయి. పాత్రికేయుడు రెంటాల జయదేవ సెన్సారు వివరాలు, ఆనాటి పత్రికల ప్రకటనలు తవ్వి తీశారు. సెన్సారు అయింది 1932 జనవరి 22న, బొంబాయి కృష్ణా థియేటరులో విడుదలైంది 1932 ఫిబ్రవరి 6న. ఒకరి నుంచి ఒకరు చూసి రాసుకుంటూ పోతే పొరపాటు ఎన్నాళ్ళు బతుకుతుందో చూడండి. మీ హాలు ప్రారంభ తేదీకి కూడా ఇదే పరీక్ష పెట్టండి. ప్రారంభ చిత్రంగా చెబుతున్న సినిమా, చెబుతున్న తేదీ నాటికి సెన్సారు అయి ఉందా? కాకపోతే రెండిట్లో ఒకటి తప్పు.

ప్రకటనలు చూడటానికి వేటపాలెం సారస్వత నికేతనం, రాజమండ్రి గౌతమీ గ్రంథాలయం, హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, సుందరయ్య విజ్ఞాన కేంద్రం మంచి చోట్లు. ప్రెస్ అకాడమీ స్కాన్ చేయించిన ఆంధ్రపత్రిక, కృష్ణాపత్రిక వంటివి కూడా ఉన్నాయి. తెలంగాణ ఊళ్ళకు 1926లో మొదలైన గోలకొండ పత్రిక చూడండి. విడుదల ప్రకటన కింద చిన్న అక్షరాల్లో ఊరు పేరు, హాలు పేరు వరుసగా ఉంటాయి. మీ హాలు పేరు ఆ వరుసలో మొదటిసారి ఎప్పుడు వచ్చింది, చివరిసారి ఎప్పుడు కనిపించింది, ఎప్పుడు ‘రిలీజు’ హాలు స్థాయి నుంచి పాత బొమ్మల హాలుగా జారింది, ఎప్పుడు డబ్బింగు చిత్రాలకు, ఆ తరువాత ‘పెద్దలకు మాత్రమే’ ఉదయం ఆటలకు దిగింది? ఈ జారుడే చాలా హాళ్ళ అసలు కథ.

శతదినోత్సవ ప్రకటనలను భూతద్దంతో చదవండి. ‘రోజూ 3 ఆటలతో’, ‘ఉదయం ఆటలు’, ‘షిఫ్టింగుతో’ అనే మాటల మధ్య చాలా దూరం ఉంది. ఒక హాల్లో ముప్ఫై రోజులు ఆడి, పక్క హాల్లోకి మారి మిగతా డెబ్బై పూర్తిచేసిన సినిమాను రెండు హాళ్ళవారూ వంద రోజులుగా చెప్పుకుంటారు.

మనుషుల దగ్గరికి ఇప్పుడు వెళ్ళండి

పై పని కొంతైనా అయ్యాకే వెళ్ళమంటాను. మీ చేతిలో కాగితం ఉంటే వారి జ్ఞాపకానికి పట్టు దొరుకుతుంది. యజమాని కుటుంబం చెప్పేది ఎలాగూ దొరుకుతుంది. ఆపరేటరు, గేట్‌మ్యాన్, బుకింగు గుమాస్తా, సైకిల్ స్టాండు నడిపినవారు, సోడాలు, పల్లీలు అమ్మినవారు, పోస్టర్లు అంటించినవారు, రిక్షాలో మైకు పట్టుకుని కరపత్రాలు పంచినవారు, బట్ట మీద రంగులతో హీరో బొమ్మ గీసిన చిత్రకారుడు, వీరిని వెతకండి.

‘మీరు ఏ సంవత్సరంలో చేరారు?’ అని అడగకండి. ‘బాబాయ్‌గారూ, మీరు మొదటిసారి క్యాబిన్ ఎక్కినరోజు ఏ బొమ్మ ఆడుతోంది?’ అనండి. సంవత్సరం మరచిపోయినవారు కూడా సినిమా పేరు మరచిపోరు. పెళ్ళి, తుపాను, కరెంటు కోత, కొడుకు పుట్టడం, అన్నిటినీ ఏదో ఒక బొమ్మతో ముడిపెట్టి చెబుతారు. విడుదల తేదీ మీ దగ్గర ఉంటుంది కాబట్టి లెక్క తేలుతుంది. ఒక చిక్కు ఉంది. 1977లో తుపాను వచ్చినరోజు ఆడిన సినిమా ఆ ఏడాది కొత్త సినిమా కానక్కరలేదు. చిన్న ఊరికి పెట్టె ఏడాది, రెండేళ్ళు ఆలస్యంగా చేరేది. పాత బొమ్మలు మళ్ళీ మళ్ళీ వచ్చేవి. ‘కొత్తదా, మళ్ళీ వేసిందా?’ అని తప్పక అడగండి.

ఆపరేటర్లతో మిషను గురించి మాట్లాడండి, కబుర్లు వాటంతట అవే వస్తాయి. ఒకే ప్రింటుతో రెండు హాళ్ళు నడిపినప్పుడు రీలు అయిపోగానే సైకిలు మీద పక్క హాలుకు పరుగు తీసే కుర్రాడి పేరు వారికి గుర్తుంటుంది. ఆట మొదలయ్యే ముందు ఏ పాట వేసేవారు, ఏ పాట వినిపించగానే తెర లేస్తుందని జనానికి తెలిసేది, అడగండి. చాలా ఊళ్ళలో ఘంటసాల భక్తిగీతం మైకులో మొదలైందంటే వంటింట్లో ఆడవాళ్ళు పని చక్కబెట్టుకునేవారు.

ఆడవారిని విడిగా, వీలైతే ఆడవారి చేతనే అడిగించండి. పాత హాళ్ళలో స్త్రీలకు వేరే గేటు, వేరే బుకింగు కంత, మధ్యలో అడ్డుగోడో తెరో ఉండేవి. పసిపిల్లలతో ఎక్కడ కూర్చునేవారు, రెండో ఆటకు ఎవరితో వెళ్ళేవారు, ఎప్పుడు మానేశారు అన్నది మగవారికి తెలియదు. నేలమీద ఎవరు, కుర్చీల్లో ఎవరు అన్నప్పుడు డబ్బు ఒక్కటే మాట్లాడలేదు, కులం కూడా మాట్లాడింది. మొహమాటపడకుండా అడగండి, చెప్పినది చెప్పినట్లు రాసుకోండి.

‘హాలు ఎందుకు మూశారు?’ అంటే అందరూ ‘టీవీ వచ్చింది’ అంటారు. హైదరాబాదు దూరదర్శన్ 1977లో మొదలైంది. కేబుల్ 1990లలో వచ్చింది. మీ హాలు చివరి లైసెన్సు ఎప్పటిదో, స్థలం అమ్మిన దస్తావేజు ఎప్పటిదో పక్కన పెట్టి చూడండి. ఫిల్ము పోయి డిజిటల్ వచ్చిన 2010 ప్రాంతంలో ఆగిందా? 2020 మార్చిలో తాళం పడి మళ్ళీ తెరవలేదా? బజారు మధ్యలో ఉన్న హాలయితే చాలాసార్లు కారణం ఆ గజం ధరలోనే ఉంటుంది. బొమ్మలు బాగా ఆడుతుండగానే కూలగొట్టిన హాళ్ళు ఉన్నాయి.

రేకు డబ్బాలు దొరికితే

క్యాబిన్‌లో పాత రీళ్ళు దొరికితే సంబరపడి విప్పకండి. పులిసిన వాసన, వెనిగరు లాంటిది వస్తే అది అసిటేటు ఫిల్ము, పాడవుతోంది. జిగురుగా అతుక్కుని లేదా గోధుమరంగు పొడి రాలుతూ ఉంటే నైట్రేటు కావచ్చు. దగ్గరలో సిగరెట్టు, దీపం ఉండకూడదు. ఎండలో పెట్టకూడదు. ఏ రకమో చూద్దామని ఒక ముక్క కాల్చి పరీక్షించే ఘనులు ఉంటారు, వారిని దూరంగా ఉంచండి. డబ్బా మీది రాతలు ఫోటో తీసి, పుణెలోని జాతీయ ఫిల్ము ఆర్కైవ్‌కు రాయండి. పాటల పుస్తకాలు, స్లైడులు, గాజు ప్రకటనలు మాత్రం మీరే భద్రపరచవచ్చు. పాటల పుస్తకం చివరి అట్ట మీద ఊరి కొట్టు ప్రకటన ఉంటే హాలు పక్క బజారు చరిత్ర కూడా మీకు దొరికినట్లే.

రాసేటప్పుడు

ప్రతి వాక్యానికీ ఆధారం ఏ రకమో మీ నోటు పుస్తకంలో మార్జిన్‌లో గుర్తు పెట్టండి. నేను ‘కా’ అంటే కాగితం, ‘ప’ అంటే పత్రిక, ‘నో’ అంటే నోటిమాట అని పెడతాను. కాగితం, పత్రిక ఒకటి చెప్పి నోటిమాట వేరొకటి చెబితే రెండూ రాయండి. పాఠకుడు పిల్లవాడు కాదు. వాటాల తగాదాలు, కోర్టు కేసులు చాలా హాళ్ళకు ఉన్నాయి. హాలు మూతపడటానికి అవి కారణమైతే ఆ మాట ఒక వాక్యంలో చెప్పండి, బతికి ఉన్నవారి పేర్లు లాగవద్దు. బ్లాకు టికెట్లు అమ్మినవారి కథలు సరదాగానే ఉంటాయి, వారి మనవలు ఇప్పుడు మీ వీధిలోనే ఉంటారు.

కొలతలు, ధరలు, సీట్లు, పన్ను ఒక పట్టికగా వేయండి. మిగతాది మామూలు కథనంగా రాయండి. హాలు నమూనా గీత ఒకటి, క్యాబిన్, తెర, ఆడవారి గేటు, క్యాంటీను, సైకిల్ స్టాండు గుర్తులతో చేతితో గీసినా చాలు. ఫోటోల హక్కులు మీవే అయితే తెలుగు వికీపీడియాలో వాడుకునేందుకు వికీమీడియా కామన్స్‌లో పెట్టండి.

అచ్చు వేయించినా వేయించకపోయినా మూడు నకళ్ళు తీయండి. ఒకటి జిల్లా గ్రంథాలయానికి, ఒకటి హాలు నడిపిన కుటుంబానికి, ఒకటి మీకు వివరాలు చెప్పిన ఆపరేటరు ఇంటికి. ఆ మూడోదానిలో అక్షరాలు పెద్దవిగా వేయించి, పేజీ పక్కన ఖాళీ ఎక్కువ వదలండి. దిద్దుబాట్లు ముందు అక్కడినుంచే వస్తాయి.